కాళ్లేవయ్యా?

జీవితమంతా నాకు కాళ్ళు కనబడనీకుండా ఎవరో ఒకరు అడ్డం పడుతూనే ఉన్నారు. మొదట సినిమా హాలు ఆపరేటరు, తర్వాత వీడియో షాపువాడు, ఆ తర్వాత టీవీ తయారుచేసినవాడు, ఇప్పుడు సొంత మనవడు. కాళ్ళంటే ఎవరివో అనుకునేరు. ఫ్రెడ్ ఆస్టేర్ కాళ్ళు. జింజర్ రోజర్స్, జీన్ కెల్లీ, సిడ్ చారిస్, ఎలినార్ పవెల్ కాళ్ళు. 1930ల నుంచి 50ల దాకా హాలీవుడ్‌వాళ్ళు తీసిన డాన్సు సినిమాలంటే నాకు చచ్చేంత ఇష్టం. కూచిపూడి పక్క ఊళ్ళో పుట్టినవాడికి ఈ దొరల గంతులేమిట్రా అని మా అన్నయ్య బతికున్నన్నాళ్ళూ ఎగతాళి చేశాడు. కూచిపూడి పక్క ఊళ్ళో పుట్టాను కాబట్టే, అని నా జవాబు. నట్టువాంగం వింటూ పెరిగినవాడి చూపు ముందు పాదాల మీదికే పోతుంది.

మా రోజుల్లో అంతా బంగారమే అని సాగదీసే బాపతు కాదు నేను. ఈ ఒక్క విషయంలో మా రోజులు దరిద్రపు రోజులు. ఇప్పుడు సరుకు దివ్యంగా ఉంది, చూసే తీరే తగలడింది. కాబట్టి రెండు వైపులా చీవాట్లు పెట్టే హక్కు నాకుంది. పెడతాను.

డెబ్బైల్లో బెజవాడలో ఇంగ్లీషు సినిమా అంటే లీలామహల్. తుపాకులూ గుర్రాలూ ఉన్న సినిమాలకు కొదవ లేదు. పాత డాన్సు సినిమా మాత్రం ఎప్పుడో, ఏ ఊళ్ళోనో, ఆదివారం పొద్దుటి ఆటకు తగిలేది. అలా ఒక హాల్లో, పేరెందుకు లెండి, ‘టాప్ హ్యాట్’ వేస్తున్నారని తెలిసి బస్సెక్కి పోయాను. 1935 నాటి సినిమా అది. అప్పటి బొమ్మ దాదాపు చదరంగా ఉండేది, ఎత్తు 1 అనుకుంటే వెడల్పు 1.37. 1953లో సినిమాస్కోప్ వచ్చాక ప్రపంచమంతా తెరలు వెడల్పు చేసుకుంది, మనవాళ్ళూ చేసుకున్నారు. ఆ తెర మీద పాత బొమ్మ వేస్తే పక్కల ఖాళీ మిగులుతుంది. ఖాళీ చూస్తే జనం డబ్బు వాపసు అడుగుతారని భయం కాబోలు, బొమ్మ పెద్దది చేసి తెర నింపేసి పైనా కిందా కోసేశారు. ఇక ఆపరేటరు చేతిలో మిగిలిన స్వాతంత్ర్యం ఒకటే, తల ఉంచాలా కాళ్ళుంచాలా అని. తలే ఉంచాడు. ఇంటర్వెల్లో మెట్లెక్కి వెళ్ళి అడిగాను, కాళ్లేవయ్యా అని. “మొహం లేకపోతే కుర్చీలు విరగ్గొడతారండి. కాళ్ళు లేవని అడిగింది మీరొక్కరే” అన్నాడు. పాపం, అబద్ధమేం చెప్పలేదు.

అయినా కొయ్యక కొయ్యక ఎవరి కాళ్ళు కోశారు? నాట్యం చేస్తున్నప్పుడు మనిషి తల నుంచి కాలి బొటనవేలి దాకా తెర మీద ఉండాల్సిందే అని స్టూడియోతో పోట్లాడి మరీ సాధించుకున్నవాడివి! ఆస్టేర్ 1933లో ఆర్‌కేవో స్టూడియోలో అడుగుపెట్టేనాటికి పక్కన వార్నర్‌లో బస్బీ బర్క్‌లీ హవా నడుస్తోంది. ‘42వ వీధి’ ఆ ఏడాదిదే. కెమెరాను కప్పుకు ఎక్కించి, వందమంది అమ్మాయిల్ని పువ్వుల్లా విచ్చి ముడుచుకునేట్టు చేసేవాడు బర్క్‌లీ. గొప్పగానే ఉంటుంది, కాదనను. కానీ అందులో ఆడేది కెమెరా. ఆ అమ్మాయిల్లో ఎవరికి డాన్సు వచ్చో ఎవరికి రాదో ఆ దేవుడికే ఎరుక. ఆస్టేర్ దీనికి పూర్తిగా అడ్డం తిరిగాడు. కెమెరా కిందికి దిగాలి, చక్రాల మీద మెత్తగా వెంట రావాలి, మధ్యలో చూసేవాళ్ళ మొహాలు చూపించకూడదు, వీలైనంత వరకు ఒకే షాటులో నడవాలి. మోసానికి సందు ఉండకూడదన్నమాట.

‘టాప్ హ్యాట్’లో చీక్ టు చీక్ పాటకు జింజర్ రోజర్స్ ఒంటి నిండా నిప్పుకోడి ఈకలున్న గౌను వేసుకుంది. తిరిగినప్పుడల్లా ఈకలూడి ఆస్టేర్ కోటు మీదా మొహం మీదా పడుతుంటే ఆయనకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మాత్రం గౌను మార్చనంటే మార్చనంది. తర్వాత రాజీపడి ఆమెను ‘ఫెదర్స్’ అని ముద్దుగా పిలిచేవాడు. ఈ కథ నేను పుస్తకాల్లో చదివాను. చదివానే కానీ ఆ హాల్లో ఈక అన్నది నా కంట పడలేదు. ప్రింటు నిండా గీతలే. ఇప్పుడు శుభ్రం చేసిన డిస్కులో చూడండి, వాళ్ళిద్దరూ వెనక్కి వాలి తిరుగుతుంటే ఒక్కో ఈక విడివడి గాలిలో తేలి నేలకు దిగుతుంది. అవి పడుతున్నాయని ఆస్టేర్‌కు తెలుసు. ఆ నవ్వు చెక్కు చెదరదు.

‘స్వింగ్ టైమ్’ సంగతి మరీ ఘోరం. 1936. చివర్లో మెట్ల మీద జరిగే విరహ నృత్యాన్ని 47 సార్లు తీశారనీ, తెల్లారేసరికి జింజర్ చెప్పుల్లో నెత్తురు కారిందనీ చెబుతారు. ఆ నెత్తురోడిన పాదాల్నే మా దగ్గర కత్తిరించి చూపించారు! అదే సినిమాలో ఆస్టేర్ మొహానికి మసి పూసుకుని బిల్ రాబిన్సన్ అనే మహానుభావుడైన నల్లజాతి నర్తకుడికి నమస్కారం పెడతాడు. భక్తి నిజమే, మసి మాత్రం ఇవాళ చూస్తే గొంతు దిగదు. కొత్త డిస్కులో దాన్ని దాచకుండా ఉన్నదున్నట్టు ఉంచారు. అదే మంచిది.

ఇక రంగులు. ఫిల్మ్ సొసైటీల వాళ్ళు 16 ఎంఎం ప్రింట్లు తెప్పించి చూపించేవారు. ఇనప కుర్చీలు, పక్కనే ప్రొజెక్టరు కటకట, రీలు మార్చేటప్పుడు లైట్లు. అక్కడ నేను చూసిన ఒక రంగుల మ్యూజికల్ మొత్తం గులాబీ రంగే. ఆకాశం గులాబీ, గడ్డి గులాబీ, హీరో పళ్ళు కూడా గులాబీ. చాలా ఏళ్ళు ఆ సినిమాను అలాగే తీశారనుకున్నాం. 1950 తర్వాత వచ్చిన ఈస్ట్‌మన్ కలర్ ఒకే ఫిల్ము మీద పని కానిచ్చేది, చవక. కాకపోతే అందులో నీలం ముందు చచ్చిపోతుంది, ఎరుపు మిగులుతుంది. మన పాత రంగుల సినిమాలూ అలాగే పాడయ్యాయి.

దానికి ముందు టెక్నికలర్ అలా కాదు. కెమెరాలోనే గాజు పట్టకం పెట్టి వెలుతురును చీల్చి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరువేరుగా మూడు నలుపు తెలుపు ఫిల్ముల మీద పట్టేవారు. ప్రింటు వేసేటప్పుడు ఒక్కొక్క రంగూ విడివిడిగా అద్దేవారు. మా పెడన కలంకారీ అద్దకమే అనుకోండి. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు, అచ్చు వెంట్రుకవాసి జరిగితే రంగు గీత దాటుతుంది. ఇక్కడ జరిగిందీ అదే. డెబ్బై ఎనభై ఏళ్ళు డబ్బాల్లో పడున్న ఆ మూడు ఫిల్ములూ ఒకటి ఒక రకంగా, ఇంకొకటి ఇంకో రకంగా కుంచించుకుపోయాయి. కలిపి ప్రింటేస్తే అంచుల్లో ఎర్ర నీడ, పచ్చ నీడ. మేం ఇంతకాలం మసకగా చూసింది అదన్నమాట. ఇప్పుడు ఆ మూడింటినీ కంప్యూటరులో ఒక్కొక్క ఫ్రేమూ సాగదీసి, నొక్కి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెడుతున్నారు. సెకనుకు 24 ఫ్రేములు, గంటా ముప్పావు సినిమా. లెక్కేసుకోండి ఎంత పనో.

రంగుల మాట వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. రంగులున్న సినిమాకు దాని రంగులు దానికి తిరిగివ్వడం ఒకటి, లేని సినిమాకు రంగు పులమడం ఇంకొకటి. 1986లో టెడ్ టర్నర్ ఎంజీఎం సినిమాల ఖజానా కొని నలుపు తెలుపు బొమ్మలకు రంగులేయించడం మొదలుపెడితే హాలీవుడ్ దర్శకులు గగ్గోలు పెట్టారు. మనం 2010లో ‘మాయాబజార్’కు రంగులేసి పండగ చేసుకున్నాం. మార్కస్ బార్ట్‌లీ వెన్నెలను నలుపు తెలుపుల్లోనే కురిపించాడయ్యా, అందులో మీరు కలిపేదేమిటి అని అప్పుడే అన్నాను. మా ఇంట్లో కూడా ఎవరూ వినలేదు.

టర్నర్ పుణ్యం ఒకటుంది, అదీ చెప్పాలి. తొంభైల మధ్యలో కేబుల్లో ఆయన చానలొకటి వచ్చేది. పగలంతా పిల్లల కార్టూన్లు, రాత్రయితే అదే చానల్లో టీఎన్‌టీ పేరుతో పాత ఎంజీఎం సినిమాలు. పిల్లలు నిద్రపోయే వేళకు మా షిఫ్టు మొదలయ్యేది. ‘యాన్ అమెరికన్ ఇన్ పారిస్’ చివర్లో వచ్చే ఆ 17 నిమిషాల బ్యాలే నేను మొదటిసారి మొత్తంగా చూసింది అక్కడే. కరెంటు పోకపోతేనే సుమండీ.

దానికి ముందు క్యాసెట్ల యుగం. ఆ రోజుల్లో టీవీ తెర చదరం. అంటే పాత బొమ్మకు సరిగ్గా సరిపోవాలి కదా? సరిపోయింది. ఇప్పుడు పడ్డాయి దెబ్బలు వెడల్పు సినిమాలకు. ‘సెవెన్ బ్రైడ్స్ ఫర్ సెవెన్ బ్రదర్స్’ అని 1954లో వచ్చింది. కొండల్లో ఉండే ఏడుగురు మొరటు అన్నదమ్ములు, వాళ్ళకు ఏడుగురు పెళ్ళాలు. మైకేల్ కిడ్ సమకూర్చిన కొట్టం దగ్గరి నృత్యం దాని ప్రాణం. ఊరంతా కలిసి ధాన్యపు కొట్టం లేపే రోజున ఆరుగురు తమ్ముళ్ళూ ఊరి కుర్రాళ్ళతో పోటీపడి పలకల మీద, దుంగల మీద ఎగురుతారు. ఒక్కొక్కడికి ఒక్కో రంగు చొక్కా. క్యాసెట్‌లో ఎప్పుడూ ముగ్గురే కనిపించేవారు. తక్కినవాళ్ళు గోడ అవతల ఎగురుతున్నారనుకోవాలి. బొమ్మలో సగం తీసి పారేసి, మిగిలిన సగాన్ని అటూ ఇటూ జరుపుతూ క్యాసెట్ చేసేవారు. ఏది ముఖ్యమో ఎవడో గుమాస్తా నిర్ణయించేవాడు.

డిస్కు వచ్చాక పూర్తి వెడల్పులో చూస్తే ఒక తమాషా బయటపడింది. ఆరుగురిలో జెఫ్ రిచర్డ్స్ అనే అతను బేస్‌బాల్ ఆటగాడు, డాన్సు రాదు. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది ఉద్దండులు, అందులో జాక్ డాంబ్వాజ్ న్యూయార్క్ సిటీ బ్యాలేలో నర్తకుడు. వీళ్ళంతా గాలిలో తేలుతుంటే ఈ బేస్‌బాల్ ఆయన్ని ఎంత ఒడుపుగా ఓ పక్కకు సర్దారో చూడాలి. అతని జంట జూలీ న్యూమార్ మాత్రం శిక్షణ ఉన్న నర్తకి. ఆ పిల్ల కడుపుమంట ఎంతో! అసలీ సినిమాను ఒకటికి రెండుసార్లు తీశారు, స్కోప్ హాళ్ళు చాలవేమోనని ప్రతి సీనూ మామూలు తెర కోసం ఇంకోసారి. 2018లో వచ్చిన బ్లూరేలో రెండూ పెట్టారు. ఒకే సీను అటొకసారి ఇటొకసారి వేసుకుని ఎవరి అడుగు ఎక్కడ తేడా పడిందో పోల్చుకుంటూ కూర్చుంటాను. మా కోడలు, “మావయ్యగారూ, ఇది ఇందాకే చూశారు కదా” అంటుంది. ఇందాకటిది వేరమ్మా అంటే వింతగా చూస్తుంది.

అన్నిటికన్నా నన్ను కదిలించింది ‘సింగిన్ ఇన్ ద రెయిన్’. 1952. దాని అసలు నెగెటివ్‌లు 1978లో రోచెస్టర్ నగరంలో జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ గిడ్డంగి తగలబడినప్పుడు బూడిదయ్యాయి. ప్రపంచంలో ఎక్కువమంది ఇష్టపడే డాన్సు సినిమాకు తల్లి లేదన్నమాట. రంగులు వేరుచేసి ముందుజాగ్రత్తగా తీసిపెట్టిన నకళ్ళ నుంచి మళ్ళీ నిలబెట్టారు. 2012లో ఒకసారి, 70 ఏళ్ళ సందర్భంగా 2022లో 4కేలో ఇంకోసారి విడుదల చేశారు. వానపాట తీసేటప్పుడు కెల్లీకి 103 డిగ్రీల జ్వరం. వాన కనబడటానికి నీళ్ళలో పాలు కలిపారని మా సొసైటీలో ఒకాయన బల్లగుద్ది చెప్పేవాడు. అదంతా పుక్కిటి పురాణం. వెనకనుంచి దీపాలు కొడితే చినుకు వెలుగుతుంది, అంతే. కొత్త డిస్కులో ఊలు సూటు నీళ్ళు తాగి భుజాల దగ్గర బరువుగా వేలాడటం కనబడుతుంది. గుంటలోని నీళ్ళను పిల్లాడిలా ఎగదన్నేటప్పుడు చూడండి, మోకాలు ఎక్కడ వంగాలో అక్కడే వంగుతుంది. తాళం ఒక్క మాత్ర తప్పదు. అల్లరి కూడా అభ్యాసమే అక్కడ.

‘రాయల్ వెడ్డింగ్’ది ఇంకో రకం దురదృష్టం. ఆస్టేర్ గోడలెక్కి, కప్పు మీద తలకిందులుగా నాట్యమాడేది అందులోనే. గదిని పీపాలో బిగించి మొత్తంగా తిప్పారు, కెమెరానూ గదితోపాటే తిప్పారు. కాపీరైటు పొడిగించుకోవడం మరిచిపోతే అది ఎవరి సొత్తూ కాకుండా పోయింది. ఇక దొరికినవాడల్లా దొరికిన పాచి ప్రింటు తెచ్చి చవక క్యాసెట్లు, చవక డిస్కులు చేసి అమ్మాడు. కాళ్ళు కప్పు మీద ఉన్నా మాకు కనబడింది బూజే. అసలు సరుకు నుంచి శుభ్రం చేసిన బ్లూరే వచ్చాకగానీ కప్పు రంగేమిటో తెలియలేదు.

ఇంత చేసి ఇస్తే ఇప్పటివాళ్ళేం చేస్తున్నారు? ఒకటి, పక్కల నల్ల పట్టీలు కనబడగానే రిమోట్ తీసుకుని బొమ్మను సాగదీస్తారు. సిడ్ చారిస్ కాళ్ళు చూస్తే దేవుడు తీరుబడిగా చేశాడనిపిస్తుంది. వాటిని రోకళ్ళు చేసిపెడతారు! రెండు, టీవీలో కదలికను నున్నగా చేసే సదుపాయం ఒకటుంటుంది, కొన్ననాడే ఎక్కించి పంపుతారు. 24 ఫ్రేముల సినిమాకు లేని ఫ్రేములు కల్పించి మధ్యలో ఇరికిస్తుంది. ఆస్టేర్ కాలు నేలకు తగిలే ఆ చిన్న దెబ్బ పోయి, నూనె మీద జారుతున్నట్టు ఉంటుంది. 2018లో టామ్ క్రూజ్ కూడా దాన్ని ఆపేయండి మహాప్రభో అని వీడియో చేసి పెట్టాడు. మా ఇంట్లో ఎవరో మళ్ళీ ఆన్ చేస్తూనే ఉంటారు. మూడు, ఫోను. మా మనవడు, మంచి పిల్లాడే, “తాతయ్యా, నీ ఫ్రెడ్ వచ్చాడు చూడు” అని చూపించాడు. నిలువు బొమ్మ. ఆస్టేర్ ఉన్నాడు, పక్కన జింజర్ లేదు. జంట నృత్యంలో సగం జంట! కింద కాళ్ళ మీద ఏవో అక్షరాలు, నవ్వు మొహాలు. అరనిమిషంలో అయిపోయింది. మళ్ళీ అదే ప్రశ్న నా నోట.

ఆ అరనిమిషంలో పోయేదేమిటో తెలియాలంటే ‘ద బ్యాండ్ వాగన్’లో సెంట్రల్ పార్కు దృశ్యం చూడాలి. 1953, దర్శకుడు విన్సెంట్ మినెల్లీ. ఆస్టేర్, చారిస్ ఒకరితో ఒకరు పొసగని నర్తకులు. అసలు కలిసి ఆడగలమా లేదా అని అనుమానం. గుర్రబ్బండి దిగి మాటల్లేకుండా నడుస్తుంటారు. తెల్ల గౌను, లేత రంగు సూటు. కొంచెం దూరం నడకే. ఆమె ఒక చుట్టు తిరుగుతుంది, తిరిగి నడుస్తుంది. ఆయన ఒక అడుగు వేసి వదిలేస్తాడు. నడక ఎక్కడ ఆగి నాట్యం ఎక్కడ మొదలైందో నాకు ఇప్పటికీ పట్టుబడలేదు. ఆ ముందరి నడక కోసేసి గిరగిర తిరిగే ముక్క ఒక్కటే చూపిస్తే అది కసరత్తు.

ఇవాళ్టి సినిమా పాటల గురించి చెప్పమంటే చాంతాడంత చెబుతాను. భుజం ఒక షాటు, నడుం ఒక షాటు, కళ్ళజోడు ఒక షాటు, వెనక వందమంది. హీరో ఒకేసారి ఎన్ని అడుగులు వేశాడో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అయితే ‘నాటు నాటు’ వచ్చినప్పుడు నోరు మూసుకున్నాను. కీవ్‌లో ఓ భవనం ముందు ప్రేమ్ రక్షిత్ ఇద్దరు హీరోల్ని పక్కపక్కన నిలబెట్టి, కాళ్ళు కనబడేట్టు, ఒకరి అడుగు ఒకరికి అతికేట్టు ఆడించాడు. 2023లో పాటకు ఆస్కార్ వచ్చింది, కీరవాణికీ చంద్రబోస్‌కూ. నన్నడిగితే ఆ నాలుగు పాదాలకూ అందులో వాటా ఉంది.

కోతల్లోకెల్లా పాపిష్టి కోత మాత్రం మా ఆపరేటరుదీ కాదు, మనవడి ఫోనుదీ కాదు. ‘స్టార్మీ వెదర్’ 1943లో వచ్చింది. నికొలస్ సోదరులు ఫెయార్డ్, హెరాల్డ్ అందులో క్యాబ్ క్యాలొవే వాద్యబృందం మధ్య బల్లల మీదినుంచి దూకుతూ వచ్చి, చివరకు పెద్ద మెట్ల దారిలో దిగుతారు. ఒకడు రెండు కాళ్ళూ చాపి నేలకు అతుక్కుంటాడు, రెండోవాడు అతని మీదినుంచి దూకి కింది మెట్టు మీద అలాగే పడతాడు. పడినవాడు చేతులానించకుండా లేస్తాడు. మళ్ళీ మొదటివాడు, మళ్ళీ రెండోవాడు, మెట్లు అయిపోయేదాకా. తెర మీద తాను చూసిన నృత్యాల్లో ఇదే గొప్పదని ఆస్టేర్ వాళ్ళతో అన్నాడట. అది నల్లవాళ్ళే నటించిన సినిమా కాబట్టి సరిపోయింది. తెల్లవాళ్ళ సినిమాల్లో ఇలాంటి కళాకారుల పాటల్ని కథతో ముడిపెట్టకుండా విడిగా తీసేవారు. అమెరికా దక్షిణాది హాళ్ళవాళ్ళు వాటిని సుళువుగా కత్తిరించి పారేయడానికి వీలుగా! లీనా హార్న్ ఎంజీఎంలో అలా ఎన్ని సినిమాల్లో స్తంభానికి ఆనుకుని పాడి వెళ్ళిపోయిందో. ఇక్కడ పోయింది కాళ్ళు కాదు, మొత్తం మనిషే.

ఇవన్నీ నా బీరువాలో ఉన్నాయి. మన ఊళ్ళలో డిస్కులమ్మే షాపులు ఎప్పుడో మూతపడ్డాయి. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి వచ్చినప్పుడల్లా ఊరగాయలు తీసుకెళ్ళి డిస్కులు తెచ్చిపెడుతుంది. అందులోనూ పేచీ. బ్లూరేవాళ్ళు ప్రపంచాన్ని ఏ, బీ, సీ అని మూడు ముక్కలు చేశారు. అమెరికా మొదటి ముక్కలో, మనం మూడో ముక్కలో. కొన్ని డిస్కులకు ఈ పట్టింపు లేదు, కొన్ని మన ప్లేయర్లో పెడితే మొండికేస్తాయి. వాటికోసం ఇంకో ప్లేయరు కొన్నాను. ఇంట్లో దాని సంగతి ఎత్తకండి.

మొన్న తెచ్చినదాని సంగతి విన్నారంటే నవ్వుతారు. ‘కిస్ మీ కేట్’. 1953లో 3డీలో తీసిన మ్యూజికల్. యాన్ మిల్లర్ టకటకలాడిస్తూ ఒంటి మీది నగలూ తొడుగులూ తీసి మన మీదికి విసురుతుంది. బాబ్ ఫాసీ అనే కుర్రాడు ఒక్క నిమిషం పాటు తాను సమకూర్చిన అడుగులు వేసి చరిత్రలోకి వెళ్ళిపోయాడు. 2015లో దాన్ని పాత 3డీలోనే శుభ్రం చేసి బ్లూరే తెచ్చారు. డెబ్బై ఏళ్ళ తర్వాత ఆ పాదాలు గదిలోకి రాబోతున్నాయని టీవీ షాపుకు వెళ్ళాను. 3డీ టీవీల తయారీ 2017 నాటికే అందరూ ఆపేశారట. కౌంటరు దగ్గరి కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. “దానికి బదులు ఇది చూడండి అంకుల్, కదలిక చాలా నున్నగా ఉంటుంది” అన్నాడు.